రెండో అరలో నెమ్మది కార్డు

మీలూద్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు షావియా మైదానంలో ఎవరూ లేరు. టీ నిలబడే తాగుతాడు. రొట్టె నడుస్తూ తింటాడు. తన పెళ్లికి తనే ఫొటోలు తీసుకుందామని లేవబోతే, పెళ్లికూతురు తామూ తడి గోరింటాకు చేత్తోనే అతని పొడుగాటి జెల్లాబా అంగీ పట్టుకుని కిందికి కూలేసింది. ఆ వీపు మీది ఎర్ర మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

సెతాత్ కాలేజీలో రెండో ఏడు సగంలో లేచి వచ్చేశాడు. ఏమైందిరా అని తండ్రి అడిగితే, "అక్కడ కుర్చీలెక్కువ" అన్నాడు. తర్వాత కాసాబ్లాంకాలో ఒక ఫోన్ల ఆఫీసులో చేరాడు. ఎక్కడో ఫ్రాన్సులో ఎవరిదో బట్టలుతికే మిషన్ ఎందుకు తిరగడం లేదో వినిపెట్టే ఉద్యోగం. ఒకావిడ పొద్దుటి నుంచీ అదే గోల పెడుతుంటే, "అమ్మా, ఒక్క తన్ను తన్నండి, అదే తిరుగుతుంది" అని చెప్పి, చెవిలోది పీకి బల్లమీద పెట్టి నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఆ మిషన్ తిరిగిందో లేదో గానీ, ఇతను మాత్రం అప్పటి నుంచీ తిరుగుతూనే ఉన్నాడు.

అలాంటివాడికి ఉరుసులు దొరికాయి. గోధుమ కోతలు ముగిశాక ఆ మైదానమంతా ఒక్కో వలీ సమాధి దగ్గర ఒక్కో ఉరుసు. మూడు చక్రాల బండిలో డేరా, ప్రింటర్, పాత లాప్‌టాప్, భార్య; మెడలో కెమెరా. ఒక ఉరుసు తెల్లారి లేచిపోతే ఇంకో ఉరుసు. ఊరు మారుతుంది, దుమ్ము మారదు.

ఉరుసంటే గుర్రాల పరుగే. పదకొండు మంది రౌతులు ఒక్క గీత మీద దూకించుకుంటూ రావాలి. జట్టు నాయకుణ్ణి ముకద్దం అంటారు. మధ్యలో ఉండి అతను కేక వేస్తాడు. ఆ కేకకి పదకొండు మందీ రికాబుల మీద నిలబడి, గుండు లేని మందు దట్టించిన తుపాకులు ఒక్కటే తుపాకీలా పేల్చాలి. అక్కడ మార్కులు వేసేవాళ్లెవరూ ఉండరు, జనం చెవులే తీర్పు. ఒక్క చప్పుడైతే ఆడవాళ్లు గొంతెత్తి యూయూ కొడతారు. రెండు చప్పుళ్లయితే నవ్వుతారు. రౌతుకి ఆ నవ్వు కంటే గుర్రం కింద పడటం నయం.

ఆ ఒక్క క్షణమే మీలూద్ సరుకు. గొట్టాల మూతుల దగ్గర మంట వరసగా లేచిన ఫొటో ఉంటే ప్రతి రౌతూ ఒకటి పట్టుకెళ్తాడు. మంట పోయి పొగే ఉంటే, "దీన్ని మా వంటింట్లోనే తీసుకోవచ్చు" అని ముఖం మీదే అంటారు. కన్ను మూసి తెరిచేలోగా కెమెరా పది ఇరవై ఫొటోలు గుక్క తిప్పుకోకుండా తీయాలి. తీయడం కెమెరా పనే. వాటిని అంత జోరుగానూ మింగడం మాత్రం కార్డు పని. కార్డు మింగలేకపోతే కెమెరా గొంతులో ముద్ద అడ్డం పడినట్టు ఆగిపోతుంది.

అందుకే మీలూద్‌కి కార్డుల పిచ్చి పట్టింది. ఖాళీ టీ డబ్బాలో వాటిని దాచేవాడు. కార్డు మీద కొట్టొచ్చినట్టు వేసే పెద్ద అంకెను నమ్మేవాడు కాదు. అది లోపలున్న ఫొటోలను బయటికి లాగే వేగం. లోపలికి ఎక్కించుకునే వేగం ఏ మూలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. దుకాణంలోనే కెమెరాలో పెట్టి, ఎదుట రోడ్డు మీద పోయే బండి చక్రానికి గురిపెట్టి, మీట నొక్కిపట్టి చెవితో వినేవాడు. టకటకటకా అని చివరిదాకా సాగితే జాతి గుర్రం. నాలుగడుగులు వేసి టక్... టక్... అని నసిగితే గాడిద. జాతివి రెండే ఉన్నాయి అతని దగ్గర. మిగతావన్నీ గాడిదలే.

"గాడిదలని తిట్టకు. మనకి కూడు పెడుతున్నవి అవే" అనేది తామూ. నిజమే. గుర్రమెక్కించి కూర్చోబెట్టిన పిల్లల బొమ్మలకీ, డేరా ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడే పెద్దమనుషులకీ గాడిద కార్డు చాలు.

అతని కెమెరాకి రెండు అరలు. ఒకసారి ఒక ఉరుసులో ఉన్న ఒక్క కార్డూ చచ్చి ఊరుకుంది, రోజంతా తీసినవి గాలికి పోయాయి. ఆ దెబ్బతో ప్రతి ఫొటోనూ రెండు అరల్లోనూ ఒకేసారి పడేలా పెట్టుకున్నాడు. మొదటి అర కార్డు కెమెరాలోనే ఉంటుంది. రెండో అరది పరుగు కాగానే తీసి తామూ చేతిలో పెడతాడు, ఆమె ప్రింట్లు మొదలుపెడుతుంది. పద్ధతి బాగానే ఉంది. ఒక్కటే తిరకాసు: రెండు అరల్లోనూ పడాలంటే రెండూ జాతివే ఉండాలి. ఒక అరలో జాతి గుర్రం, ఇంకో అరలో గాడిద కట్టావా, కెమెరా గాడిద నడకే నడుస్తుంది. ఈ సంగతి మీలూద్‌కి తెలుసు. ఎదుటివాళ్లకి చెప్పి చెప్పి విసిగించేవాడు కూడా.

తెలిసీ చేశాడు, అదే కదా.

ఆ ఏడు సీదీ బూజ్మెల్ ఉరుసు ఆఖరి రోజు. పొద్దున్నే ముకద్దం హజ్ జిలాలీ జట్టు పరుగు. హజ్ జిలాలీకి డెబ్బై దగ్గర పడ్డాయి, గుర్రం మీద మాత్రం గూటం పాతినట్టు ఉంటాడు. ఆయన జట్టులోనే తామూ తమ్ముడు అల్లాల్ స్వారీ చేస్తాడు. అల్లాల్ గుర్రం లజ్రగ్ అనే బూడిదరంగు ముసలిది, వరసలో అన్నిటికంటే మెల్లది. వేరే ముకద్దం అయితే ఎప్పుడో సాగనంపేవాడు. హజ్ దాన్ని తన ఎడమ పక్కనే నిలబెట్టుకునేవాడు. "చురుకుదాన్ని కళ్లెం పట్టి ఆపొచ్చు. మెల్లదాన్ని తోయలేం. దాన్ని పక్కన పెట్టుకుంటే అది చూసి కేక వేస్తాను" అనేవాడు. మీలూద్‌కి ఈ మాట వింటే ఒళ్లు మండేది. మెల్లదాన్ని తీసేస్తే పోలేదా?

జట్టు మైదానం చివర వరస కట్టడానికి సిద్ధమవుతోంది. రెండో జాతి కార్డు ఇంకా డేరాలో, లాప్‌టాప్‌లో ఇరుక్కుని ఉంది.

"ఒక్క నిమిషం ఆగవయ్యా, ఈ ఒక్కటీ దించుకుని ఇస్తాను" అంది తామూ.

"నువ్వు నిమిషం అంటావు, గుర్రాలు ఆగుతాయా?"

"ఇంకా గుర్రమే ఎక్కలేదు వాళ్లు!"

మీలూద్ అప్పటికే డబ్బాలోంచి చేతికందిన గాడిదను రెండో అరలోకి తోసి, కంచె దగ్గరికి పరిగెత్తాడు. పరిగెత్తి, అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. నిజంగానే ఇంకా ఎవరూ గుర్రం ఎక్కలేదు.

ఆ తర్వాత నేల అదిరింది. మీట నొక్కిపట్టాడు. టకటకటకా. తుపాకులు లేచాయి. టక్... అంతే. మీట కింద వేలు అలాగే ఉంది, కెమెరా ఊపిరి బిగబట్టింది, ఎర్ర దీపం మినుకు మినుకుమంటోంది. తుపాకులు పేలాయి. వెంటనే ఇంకో తుపాకీ పేలింది. తర్వాత తీరిగ్గా, టక్.

కంచె పొడుగునా జనం నవ్వారు.

పొగ విడిపోకముందే రౌతులు గుర్రాలు దిగి మీలూద్ మీదికొచ్చారు. అందరికంటే ముందు బూష్తా. నోరు పెద్దది, తలపాగా ఇంకా పెద్దది. వాడి తమ్ముడు జట్టులో చోటు కోసం రెండేళ్లుగా కాచుక్కూర్చున్నాడు.

"ఫొటోగ్రాఫరూ, చూపించు. ఎవడి గొట్టం ఆలస్యంగా మండిందో మంటల్లో తెలుస్తుంది."

"మంట పడలేదు."

"పడకపోవడమేంటి? ఊళ్లో ఎవడి నోట మంటొచ్చినా పడుతుందంటావుగా!"

"రెండో కార్డు మెల్లది పెట్టాను. కెమెరా ఆగిపోయింది."

బూష్తా వెనక్కి తిరిగి అందరివంకా చూశాడు. "విన్నారా? బావమరిది తుపాకీ ఆలస్యం, బావగారి కెమెరా ఆలస్యం. ఆ ఇంట్లో అందరికీ ఒకటే జబ్బు."

"నోరు మూసుకో. నా తుపాకీ కేకతోనే పేలింది" అన్నాడు అల్లాల్. కళ్లెం పట్టుకున్న చెయ్యి లజ్రగ్ మెడ మీదే ఉండిపోయింది.

"నీ ముసలిగుర్రం ఇంకా అక్కడే ఉంటే నువ్వెలా పేలుస్తావురా కేకతో?"

హజ్ జిలాలీ మధ్యలోకి వచ్చాడు. తుపాకీని జీనుకి ఆనించి, "మధ్యాహ్నం అసర్ నమాజు దాకా చూస్తాను. ఆలస్యమైనవాడు తనే వచ్చి చెబితే సరే" అన్నాడు. "ఎవరూ రాకపోతే, అల్లాల్, సాయంత్రం పరుగులో నీ బదులు బూష్తా తమ్ముడు ఉంటాడు. నాకు వేరే దారి లేదు."

ఆఖరి పరుగు నుంచి తీసేయడమంటే సంగతేంటో అక్కడున్న అందరికీ తెలుసు. ఆలస్యపు తుపాకీ అన్న పేరు పడితే ఏ ఉరుసులో, ఏ జట్టులో చోటుండదు. గుర్రాన్ని అమ్ముకోవడమే మిగిలేది.

మీలూద్ డేరాలోకి వచ్చి పడ్డాడు. పడ్డాడంటే కూర్చున్నాడని కాదు. ఈ గుంజ నుంచి ఆ గుంజకి, ఆ గుంజ నుంచి ఈ గుంజకి.

"నేనే ఆగుంటే..."

"ఆగుంటే నువ్వు నువ్వెలా అవుతావు" అంది తామూ. గొంతులో కోపం లేదు, అదే అతనికి ఇంకా గుచ్చుకుంది. గాడిద కార్డును లాప్‌టాప్‌లో పెట్టి ఒక్కొక్క ఫొటో చూస్తోంది.

"ఏం చూస్తావే అందులో? తుపాకులు లేచింది ఒకటి. తర్వాత అంతా పొగ. మధ్యలో ఏమీ లేదు."

"పొగే చూస్తున్నా."

"పొగలో ఏముంటుంది?"

"నువ్వు కాసేపు అటూ ఇటూ తిరగడం మానితే చెప్తా, తెర మీద నీడ పడుతోంది."

అతను ఆగాడు. ఆమె ఫొటోను పెద్దది చేసింది.

పేలిన మరుక్షణంలో పడిన ఫొటో అది. గుర్రాలు ముందుకి దూకుతున్నాయి, పేలిన మందు పొగ రౌతుల వెనక్కి జారిపోయి, గుర్రాల తోకల దగ్గర గోడలా నిలబడి ఉంది. పది మందిదీ అంతే. ఒక్కరి పొగ మాత్రం ఇంకా వెనక్కి పోలేదు. గొట్టం మూతి దగ్గరే పిడికెడంత, అప్పుడే విచ్చుకుంటున్న గోబీపువ్వులా ఉంది. దాని పక్కనే లజ్రగ్ బూడిదరంగు తల కనిపిస్తోంది. లజ్రగ్ మీది అల్లాల్ తుపాకీ పొగ ఎప్పుడో వెనకబడింది. పిడికెడు పొగ పక్క గుర్రానిది, వరసకి సరిగ్గా మధ్యలోది.

"ఇది..." అన్నాడు మీలూద్.

"ఊఁ" అంది తామూ. "ముకద్దందే."

మీలూద్ లాప్‌టాప్ అలాగే ఎత్తుకుని బయటికి పరిగెత్తబోయాడు. ప్రింటర్ తీగ అతన్ని వెనక్కి లాగింది.

"ఎక్కడికి?" అంది తామూ.

"ఎక్కడికేంటి! మైదానం మధ్యకి. బూష్తా మొహాన కొడతాను. నీ తమ్ముణ్ణి తీసేస్తుంటే..."

"తమ్ముడు నాకే తమ్ముడు, నీకు కాదు. కూర్చో. లేదా నిలబడు, కానీ ఇక్కడే నిలబడు. అల్లాల్‌కి తొలిసారి గుర్రమెక్కడం నేర్పింది హజ్. ఆయన్ని పదిమందిలో నిలబెట్టి ఇది చూపిస్తే, అల్లాల్‌కి చోటు దక్కినా తల ఎత్తుకోగలడా? ముందు ఆయనకి చూపిద్దాం. ఆయన దాచేస్తే, అప్పుడు నువ్వు మైదానం మధ్యకి పో. నేనే డప్పు కొడతాను."

ఒక ప్రింటు తీసి గుడ్డలో చుట్టి, మీలూద్‌ని ముందు పెట్టుకుని హజ్ డేరాకి నడిచింది. హజ్ ఒక్కడే ఉన్నాడు. పుదీనా టీ పోసుకుని, తాగకుండా తుపాకీ మీట మీద వేలు పెట్టి తీస్తూ, పెట్టి తీస్తూ ఉన్నాడు. వాళ్లని చూసి తుపాకీ పక్కన పెట్టాడు.

ప్రింటు చేతిలో పెట్టారు. దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు.

"ఈ మధ్యలో ఎవరిది?"

"మీరే కదా హజ్" అన్నాడు మీలూద్.

"మనిషి నేనని తెలుసులేవోయ్, కళ్లు ఇంకా పోలేదు. ఈ పొగ ఎవరిది అంటున్నా."

"అదీ మీదే."

తామూ భర్త కాలు తొక్కింది. అప్పటికే మాట బయటపడింది.

హజ్ ప్రింటును మోకాలి మీద పెట్టుకున్నాడు. బయట ఎవరో మేకును సుత్తితో కొడుతున్నారు.

"ఎవరికి చూపిద్దామనుకున్నావ్?"

"అందరికీ. ఈవిడ ఆపింది."

ముసలాయన మీసం కదిలింది. నవ్వో కాదో తెలియలేదు. "కెమెరా ఆగిపోయిందన్నావు, ఎందుకు?"

మీలూద్ చెప్పాడు. రెండు అరలు, ఒకటి జాతిది, ఒకటి గాడిద. గాడిద మింగేదాకా కెమెరా ముందుకు పోలేదు.

"అయితే నీ కెమెరా తప్పేం లేదు" అన్నాడు హజ్. "మెల్లదాని కోసం ఆగింది, ఆగాలి. ఏ పక్కన ఏది కట్టాలో చూసుకోనిది నువ్వు." ప్రింటును మడిచి జెల్లాబా లోపల పెట్టుకున్నాడు. "అల్లాల్‌తో చెప్పు, సాయంత్రం గీత మీద ఉంటాడని."

"మరి బూష్తా వాళ్లు ఆలస్యం ఎవరిదని అడిగితే..."

"పొమ్మన్నాను."

పోయారు. మీలూద్‌కి కాళ్ల కింద నిప్పులు పోసినట్టుంది. చోటిచ్చాడు సరే, పేరో? ముద్ర అలాగే ఉంది కదా! ఎదురొచ్చిన బూష్తా, "ఏం, హజ్ కాళ్లు పట్టుకుని చోటు తెచ్చుకున్నారా బావా బావమరుదులు?" అన్నాడు. మీలూద్ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా ఎరుగుదురు. ఆ పూట నానింది. నానబెట్టలేక మెడ నరాలు ఉబ్బాయి.

ఆఖరి పరుగుకి గుర్రాలు వరస కడుతుంటే మీలూద్ కంచె దగ్గరికి పోలేదు. డేరా గుమ్మంలో చెయ్యి చాపి నిలబడ్డాడు. తామూ బయట ప్రింట్ల కోసం నిలబడ్డవాళ్లని, "ఇప్పుడు కాదు, పరుగయ్యాక రండి" అని పంపేసి, రెండో జాతి కార్డును బయటికి తీసింది. అది వచ్చేదాకా మీలూద్ కుడి మడమ ఒక్కటే నేలను తొక్కుతూ ఉంది. చేతిలో పడగానే అరలో పెట్టి, ఒకసారి గాల్లోకి మీట నొక్కి విన్నాడు. టకటకటకా. నసగలేదు. అప్పుడు కంచె దగ్గరికి పోయి మీట మీద వేలు పెట్టాడు.

నేల అదిరింది. దుమ్ములోంచి గీత బయటికొచ్చింది. లజ్రగ్ ఎప్పటిలాగే హజ్ ఎడమ పక్కన, మిగతా పదీ దాని అడుగుకి అడుగు కొలుచుకుంటూ. హజ్ కేక వేశాడు. మైదానం పగిలినట్టు చప్పుడు.

ఒక్కటే.

యూయూలతో గాలి నిండిపోయింది. మీలూద్ ఆగి వినలేదు. కార్డు పీక్కుంటూ డేరాలోకి పరిగెత్తాడు. తెర మీద తుపాకులు లేచాయి, ఇంకా లేచాయి, మంట. బారుగా, గొట్టం పక్కన గొట్టం, మంట అంచులు కూడా చెదరలేదు. తన బతుకులో అంత మంచి ఫొటో తీయలేదు. ఎగిరి గంతేయబోయి, తామూ మొహం చూసి ఆగాడు. ఆమె వేలు తెర మధ్యలో ఉంది.

పది మంటలు. మధ్య తుపాకీ పైకి లేచి ఉంది, మూతి నల్లగా ఉంది. పొగ లేదు. తర్వాతి ఫొటోలోనూ లేదు, ఆ తర్వాతా లేదు. ఆ గొట్టంలో మందే పోయలేదు.

"ఇది వేయకు" అంది తామూ. "తుపాకులు లేచినది వేద్దాం. అదీ బాగుంది."

"బాగుందా! ఇలాంటిది మళ్లీ ఎప్పుడు..."

"మీలూద్."

అతను జుట్టు పీక్కున్నాడు. తుపాకులు లేచిన ఫొటో ప్రింటర్‌కి పంపాడు.

రౌతులు నవ్వుకుంటూ, తోసుకుంటూ వచ్చారు. వాళ్లని పక్కకి నెడుతూ హజ్ ముందుకొచ్చాడు. వస్తున్న ప్రింటును ఒకసారి చూసి, "ఇది కాదు. మంటలున్నది" అన్నాడు.

"ఇదే బాగొచ్చింది హజ్" అంది తామూ.

"మంటలున్నది అడిగాను తల్లీ."

ఆమె లాప్‌టాప్ తిప్పి పెట్టింది. హజ్ బూష్తా మెడ మీద చెయ్యి వేసి తెర దగ్గరికి వంచాడు. "లెక్కపెట్టు."

బూష్తా లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. "మీ... మీ మందు అంటుకోలేదా హజ్?"

"పోస్తే కదా అంటుకోడానికి." జెల్లాబాలోంచి పొద్దుటి ప్రింటు తీసి తెర పక్కన పెట్టాడు. "పొద్దున మీరు విన్న రెండో చప్పుడు ఇదిగో, ఈ పిడికెడు పొగ. నాది. గొంతు కేక ఇంకా బాగానే వేస్తోంది, వేలే దాన్ని అందుకోలేకపోతోంది. పొద్దున్నే నాకు అనుమానం వచ్చింది. వచ్చి కూడా అసర్ దాకా ఎవరైనా వేరేవాడు వచ్చి ఒప్పుకుంటాడేమోనని కూర్చున్నాను."

ఎవరూ నవ్వలేదు. బూష్తా తలపాగా సర్దుకున్నాడు, సర్దినదాన్నే మళ్లీ సర్దుకున్నాడు.

అల్లాల్ ముందుకొచ్చి ముసలాయన తల ముద్దు పెట్టుకోబోయాడు. హజ్ చేత్తో తోసేశాడు. "నా తలకేం తొందర లేదు. పోయి ముందు నీ గుర్రానికి నీళ్లు పెట్టు, పొద్దుటి నుంచీ దాన్ని అందరూ తిట్టారు."

తర్వాత మీలూద్ వైపు తిరిగాడు. "ఈ ఫొటోయే, జట్టులో అందరికీ. బూష్తాకి కొంచెం పెద్దది."

మీలూద్ ప్రింటర్ ముందు నిలబడ్డాడు. దాని తీరు దానిది: కాగితాన్ని ఒకసారి పసుపు పూసి బయటికి తోస్తుంది, లోపలికి లాక్కుని ఎరుపు పూస్తుంది, మళ్లీ లాక్కుని నీలం. ఎంత తోసినా అంతే. మొదటి కాగితం పసుపు నీడలతో తల బయట పెట్టింది. రౌతులందరూ దాని మీదికి వంగారు. మీలూద్ చెయ్యి దానంతటదే ముందుకి పోయింది.

"ముట్టుకోకు!" అంది తామూ, చేతి మీద ఒక్కటిచ్చి. "అదే వస్తుంది."